పంపేది నేను, తెరవవలసింది వాళ్ళు

నా లినక్స్ కంప్యూటర్ తెరను రికార్డు చేసి, ఒక ప్రోగ్రాంను ఎలా అమర్చుకోవాలో మాటలతో వివరిస్తూ తయారుచేసిన 11 నిమిషాల వీడియోను ఒకసారి ముగ్గురికి పంపాను. వాళ్ళలో ఒకరు విండోస్ వాడతారు, ఇంకొకరు మ్యాక్ వాడతారు, మూడో ఆయన ఏదైనా ఫోనులోనే చూస్తారు. గంట గడవకముందే మొదటి జవాబు వచ్చింది: "మీ గొంతు వినిపిస్తోందండీ, తెర మాత్రం నల్లగా ఉంది." మ్యాక్ వాడే ఆవిడ ఫైలు అసలు తెరుచుకోవడమే లేదని రాశారు. ఫోనులో చూసే ఆయన మొహమాటస్తులు కాబట్టి "వీలు చూసుకుని చూస్తానులెండి" అన్నారు. అంటే ఆయన దగ్గరా అది ఆడలేదని నాకు అర్థమైంది. నా కంప్యూటర్లో మాత్రం అదే ఫైలు ఒక్క ఫ్రేము తడబడకుండా ఆడుతోంది.

అందరూ చెప్పే మాట ప్రకారమే చేశాను కదా అని నాకు ముందు ఉక్రోషం వచ్చింది. కోడెక్, అంటే వీడియోను కుదించి మళ్ళీ విప్పే పద్ధతి, హెచ్.264; ఫైలు ఎంపీ4. "ఎక్కడైనా ఆడాలంటే ఇది వాడు" అని ఏ సలహా చూసినా మొదటి వరుసలో ఉండే జంట ఇదే. ఒక సాయంత్రమంతా వెతికాక తేలినదేమిటంటే, కోడెక్ పేరు సరైనదే గానీ దాని లోపల నేను ఎంచుకున్న రకం, ఇంకా నిజం చెప్పాలంటే నేను ఎంచుకోకుండా వదిలేసిన రకం, లోకంలోని పరికరాల్లో చాలావాటికి పనికిరానిది. ఆ సాయంత్రం తరువాత కోడెక్‌ల గురించి నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. మనకు తెలియని కంప్యూటర్లో తెరుచుకోవలసిన వీడియోకు కోడెక్‌ను ఎంచేటప్పుడు, దాన్ని తయారుచేసేవాడి సౌకర్యాన్నీ అభిరుచినీ సిద్ధాంతాన్నీ కాక, చూసేవాళ్ళలో అందరికంటే బలహీనమైన పరికరం ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకోవాలి. ఈ మాట వినడానికి చప్పగా ఉంటుంది. దీన్ని ఒప్పుకుంటే వదులుకోవలసినవి ఏమిటో చూసినప్పుడే ఇది వాదించవలసిన విషయమని తెలుస్తుంది.

ముందు నా ఫైలుకు ఏమైందో చెబుతాను. కంప్యూటర్ తెర మీది ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలు ఉంటాయి. వీడియో కోడెక్‌లు సాధారణంగా వాటిని అలాగే దాచుకోవు. వెలుగును ఒక పొరగానూ రంగును రెండు పొరలుగానూ విడదీసుకుంటాయి. మన కన్ను వెలుగులోని తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగులోని తేడాలను పట్టలేదు కాబట్టి, ఆ రెండు రంగు పొరలనూ అడ్డంగా సగానికీ నిలువుగా సగానికీ కుదించేస్తాయి. దీన్నే 4:2:0 అంటారు. 1920 × 1080 ఫ్రేములో వెలుగు విలువలు 20,73,600 ఉంటే, కుదించిన రంగు పొర ఒక్కొక్కదానిలో 5,18,400 ఉంటాయి. మూడూ కలిపి 31,10,400. కుదించకుండా 4:4:4గా ఉంచితే మొత్తం 62,20,800, అంటే సరిగ్గా రెట్టింపు. ఎన్‌కోడింగ్‌కు, అంటే వీడియోను కుదించడానికి, నేను వాడిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాం, ఏ రకం కావాలో మనం చెప్పకపోతే, మూలానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని తానే ఎంచుకుంటుంది. తెర రికార్డింగులో రంగు ఎక్కడా కుదించబడి ఉండదు కాబట్టి అది నిజాయితీగా 4:4:4ను ఎంచుకుంది. నాణ్యత దృష్టితో చూస్తే అది చేసింది తప్పు కాదు. ఇంకా వినోదమేమిటంటే, ఈ సందర్భంలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ చాలాకాలం పాటు ఒక హెచ్చరిక వాక్యాన్ని కూడా చూపించేది. కాలం చెల్లిన ప్లేయర్లలో ఆడాలంటే 4:2:0 వాడమని దాని సారాంశం. కాలం చెల్లినవని అది తీసిపారేసిన ఆ జాబితాలో విండోస్, మ్యాక్ సొంత ప్లేయర్లూ, ఫోనుల్లోని చిప్‌లూ ఉన్నాయి.

ఆ పరికరాలు 4:4:4ను ఎందుకు ఆడించవంటే, వాటిలో వీడియోను విప్పే పని చాలావరకు మామూలు ప్రాసెసర్ చెయ్యదు. ఆ ఒక్క పనికే కేటాయించిన సర్క్యూటు చేస్తుంది. దాన్ని చిప్ తయారైననాడు ఏ రకాల కోసం గీశారో ఆ రకాలనే అది విప్పగలదు, ఆ తరువాత ఎన్ని అప్‌డేట్లు వచ్చినా దాని బుద్ధి మారదు. కెమెరాలు, టీవీ ప్రసారాలు, డిస్కులు చాలావరకు 4:2:0లోనే, అదీ ఒక్కొక్క విలువకు 8 బిట్ల చొప్పున వీడియోను ఇస్తుంటే, ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే 4:4:4 కోసం సిలికాన్ మీద చోటు ఖర్చుపెట్టే తయారీదారు అరుదు. మనం నాణ్యత పేరుతో ఒక మెట్టు ఎక్కితే, ఆ మెట్టు లేని ఇళ్ళు ఎన్నో ఉంటాయి.

అందువల్ల "ఇది హెచ్.264 ఫైలు" అనే మాట ఇంటిపేరు చెప్పడం లాంటిది, ఆ ఇంట్లో ఏ మనిషి వచ్చాడో దానివల్ల తెలియదు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత ఊరికే పుట్టలేదు. 2003లో మొదటిసారి వెలువడిన ఈ ప్రమాణంలో బేస్‌లైన్, మెయిన్, హై, హై 10, హై 4:2:2, హై 4:4:4 ప్రెడిక్టివ్ అని ఎన్నో ప్రొఫైళ్ళు ఉన్నాయి. ప్రొఫైల్ అంటే ఎన్‌కోడర్ ఏయే ఉపాయాలు వాడుకోవచ్చో చెప్పే ఒప్పందం. బేస్‌లైన్‌లో ముందు ఫ్రేములనూ వెనుక ఫ్రేములనూ రెండింటినీ చూసి అంచనా కట్టే బి-ఫ్రేములు ఉండవు, కాబట్టి అది పేలవమైన పరికరంలోనూ తేలిగ్గా నడుస్తుంది గానీ ఫైలు పెద్దదవుతుంది. హై ప్రొఫైల్ ఇప్పుడు దాదాపు ప్రతి పరికరంలోనూ ఆడుతుంది. పైన చెప్పిన 4:4:4 అదే కుటుంబంలో పుట్టినా, ఏమాత్రం నష్టం లేకుండా ఎన్‌కోడ్ చెయ్యమని అడిగినప్పుడు ఎక్స్264 అనే హెచ్.264 ఎన్‌కోడర్ వాడే ప్రొఫైల్ అదే అయినా, బయటి ఊళ్ళో దాన్ని గుర్తుపట్టేవారు తక్కువ.

ఈ వివరమంతా ఫైలులో ఒక చిన్న అంకెల గొలుసుగా రాసి ఉంటుంది. వెబ్ పేజీలో వీడియోను పెట్టేటప్పుడు బ్రౌజర్‌కు ముందుగా చెప్పే గుర్తు "ఏవీసీ1.640028" లాగా కనిపిస్తుంది. చాలామంది దీన్ని ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తారు, ఒకప్పుడు నేనూ అదే చేశాను. చుక్క తరువాతి ఆరు అంకెలను రెండేసి చొప్పున విడగొట్టి, పదహారు ఆధారంగా ఉన్న సంఖ్యలుగా చదివితే గుట్టు విడిపోతుంది. మొదటి 64 అంటే మన లెక్కలో 100, అది హై ప్రొఫైల్ సంఖ్య. మధ్యలోని 00 అంటే అదనపు ఆంక్షలు లేవని. చివరి 28 అంటే 40, అంటే లెవెల్ 4.0. లెవెల్ అనేది వీడియోను విప్పే డీకోడర్ మీద పడే బరువుకు హద్దు. ఫ్రేమును 16 × 16 పిక్సెళ్ళ గడులుగా కోస్తే 1920 × 1080 ఫ్రేములో అడ్డంగా 120, నిలువుగా 68, మొత్తం 8,160 గడులు వస్తాయి. లెవెల్ 4.0 సెకనుకు 2,45,760 గడులను మాత్రమే అనుమతిస్తుంది; సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 2,44,800 అవుతాయి కాబట్టి అంచు దాకా వెళ్ళి ఇముడుతుంది. అదే వీడియోను 60 ఫ్రేములకు పెంచితే లెవెల్ 4.2 కావాలి.

ఇక్కడ ఇంకో ఉచ్చు కూడా ఉంది. ఎన్‌కోడింగ్‌కు ఎంత ఎక్కువ సమయం ఇస్తే అంత మంచి ఫలితం వస్తుందన్న నమ్మకంతో ఎక్స్264లో బాగా నెమ్మదైన ప్రీసెట్‌ను (ముందే సిద్ధంచేసి ఉంచిన అమరికను) ఎంచుకుంటే, అది ఒక ఫ్రేమును అంచనా కట్టడానికి 16 ఫ్రేముల వరకు గుర్తుంచుకొమ్మని డీకోడర్‌ను అడుగుతుంది. లెవెల్ 4.0 ప్రకారం ఆ పరిమాణంలో నాలుగు ఫ్రేములకు మాత్రమే చోటుంది. లెవెల్ ఎంతో మనం ముందే చెప్పి కట్టడి చెయ్యకపోతే, మనం రాత్రంతా కంప్యూటర్‌ను కష్టపెట్టి చేసిన ఫైలు పాత టీవీ పెట్టెలో ముక్కలు ముక్కలుగా పగిలిన బొమ్మలా కనిపిస్తుంది.

కోడెక్ సరిపోయినా పెట్టె సరిపోకపోవచ్చు. ఎంపీ4, ఎంకేవీ, వెబ్‌ఎం, ఏవీఐ అనేవి కోడెక్‌లు కావు. వీడియోనూ ఆడియోనూ కలిపి సర్దే పెట్టెలు. ఎంకేవీలో సర్దిన హెచ్.264 వీడియోను మ్యాక్ క్విక్‌టైమ్ తెరవదు, అదే వీడియోను మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యకుండా ఎంపీ4లోకి మార్చి సర్దితే తెరుస్తుంది. ఆ మార్పిడికి పట్టేది కొద్ది సెకన్లు, నాణ్యతలో పోయేది శూన్యం. అయినా ఈ తేడా తెలియక గంటల కొద్దీ వీడియోను విప్పి మళ్ళీ కుదించేవాళ్ళను చూస్తూనే ఉన్నాను. ఎంపీ4లోనూ ఒక చాదస్తం ఉంది. ఏ ఫ్రేము ఫైలులో ఎక్కడ ఉందో చెప్పే విషయసూచికను చాలా ప్రోగ్రాంలు రికార్డింగు ముగిశాకే, ఫైలు చివర్లో రాస్తాయి. డిస్కు మీద ఉన్నంతకాలం దీనితో ఇబ్బంది లేదు గానీ, నెట్ ద్వారా చూసేవాడికి ఆ సూచిక చేతికి వచ్చేదాకా ఆట మొదలుకాకపోవచ్చు. దాన్ని ఫైలు మొదటికి జరపమని ఎన్‌కోడర్‌కు ఒక్క మాట చెబితే సరిపోతుంది.

ఇంత గందరగోళం ఎందుకు ఉండాలి, అందరూ కూర్చుని ఒక్క కోడెక్‌ను ఖాయం చేసుకోవచ్చు కదా అనిపించడం సహజం. ఆ ప్రయత్నం జరిగింది, కుదరలేదు. 1991లో యాపిల్ క్విక్‌టైమ్, 1992లో మైక్రోసాఫ్ట్ వీడియో ఫర్ విండోస్ వచ్చిననాటి నుంచీ ఎవరి కోడెక్ వారిది. సినీప్యాక్, ఇండియో, సోరెన్‌సన్, రియల్ వీడియో, విండోస్ మీడియా అంటూ ఒక్కొక్క పేరు వెనుకా ఒక్కొక్క కంపెనీ ఉండేది. ఆ తరువాత కొన్నేళ్ళు ఫ్లాష్ అనే బ్రౌజర్ ప్లగిన్ ఈ గొడవనంతటినీ తన పొట్టలో దాచుకుంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్5లో వీడియోకు సొంత ట్యాగు ఇవ్వాలనుకున్నప్పుడు, ప్రతి బ్రౌజరూ తప్పనిసరిగా ఆడించవలసిన కోడెక్ ఏదన్న ప్రశ్న వచ్చింది. రాయల్టీలు లేని థియోరా కావాలని కొందరు, హెచ్.264 తప్ప మరొకటి కుదరదని కొందరు పట్టుబట్టారు. 2009లో ఆ ప్రమాణానికి సంపాదకుడైన ఇయాన్ హిక్సన్, అందరూ ఒప్పుకునే కోడెక్ ఏదీ లేదని చెప్పి ఆ నిబంధననే తొలగించారు. మరుసటి ఏడాది గూగుల్, తాను కొన్న ఆన్2 కంపెనీ వారి వీపీ8ను వెబ్‌ఎం పేరుతో ఉచితంగా విడుదల చేసింది. 2011 జనవరిలో క్రోమ్ నుంచి హెచ్.264ను తీసివేస్తామని ప్రకటించింది, ఎన్నడూ తీసివెయ్యలేదు. 2013లో సిస్కో తన ఓపెన్‌హెచ్264ను పేటెంటు రుసుము తానే కట్టి అందరికీ ఇస్తానని ముందుకు వచ్చింది. బ్రౌజర్లలో వీడియో కాల్స్ కోసం ఏ కోడెక్ ఉండాలన్న వాదన ఏళ్ళ తరబడి సాగి, 2016లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 7742 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో వీపీ8, హెచ్.264 రెండూ ఉండవలసిందేనన్న రాజీతో ముగిసింది. తగవు తీర్చలేని పెద్దమనుషులు ఇద్దరి మాటా నెగ్గించినట్టుగా ఉంటుంది ఆ పత్రం.

ఈ చరిత్రను నేను చదువుకున్నది కాలక్షేపానికే అయినా, ఒక విషయం మాత్రం గట్టిగా నాటుకుంది. హెచ్.264 సర్వత్రా నిలబడటానికి ఏ కమిటీ తీర్మానమూ కారణం కాదు. జేబులో పెట్టుకునే ఫోనుల్లో, కెమెరాల్లో, టీవీల్లో దాన్ని విప్పే సర్క్యూటు అప్పటికే ఉండటం కారణం. ఒక కోడెక్ చెల్లుబాటును దాని పత్రంలో వెతికితే దొరకదు, జనం చేతుల్లో ఉన్న చిప్‌లలో వెతకాలి.

హెచ్ఈవీసీ అనే హెచ్.265 సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2013లో వచ్చిన ఈ కోడెక్ సాంకేతికంగా తన ముందుదానికంటే ఎంతో మెరుగు. దాదాపు అదే నాణ్యతను సగం బిట్‌రేటులో, అంటే సెకనుకు సగం డేటాతో, ఇవ్వాలన్న లక్ష్యంతో దాన్ని రూపొందించారు. కానీ పేటెంట్ల కోసం ఎంపెగ్ ఎల్‌ఏ, హెచ్ఈవీసీ అడ్వాన్స్, వెలోస్ మీడియా అని మూడు కూటములు ఏర్పడ్డాయి, ఏ కూటమిలోనూ చేరని హక్కుదారులు వేరే. ఎవరికి ఎంత కట్టాలో తేలని సరుకును అమ్మకానికి పెట్టడానికి బ్రౌజర్లవాళ్ళు సహజంగానే జంకారు. యాపిల్ 2017లో ఐఓఎస్ 11తో దాన్ని తన పరికరాలన్నిటిలోకీ తెచ్చి, కొత్త ఐఫోన్లు మామూలుగానే ఆ కోడెక్‌లో రికార్డు చేసేటట్టు చేసింది. విండోస్ 10లో మాత్రం చాలామంది దాని కోసం స్టోరులో ఒక పొడిగింపును విడిగా కొనుక్కోవలసి వచ్చింది. క్రోమ్ 2022లో, అదీ హార్డ్‌వేర్ ఉన్నచోటనే దాన్ని ఆడించడం మొదలుపెట్టింది. ఫైర్‌ఫాక్స్ విండోస్‌లో 2025 దాకా ఆగింది. ఫోనులో తీసిన వీడియో కంప్యూటర్లో నల్లటి తెరగా కనిపించడం వెనుక చాలాసార్లు ఉండేది ఈ కథే. దీనికి తోడు, ఎంపీ4లో హెచ్ఈవీసీని సర్దేటప్పుడు పెట్టే నాలుగు అక్షరాల గుర్తు "హెచ్‌వీసీ1" అయితే యాపిల్ ప్లేయర్లు ఆడిస్తాయి, "హెచ్‌ఈవీ1" అయితే ఆడించవు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మనం చెప్పకపోతే రెండోదాన్నే పెడుతుంది. లోపలి బొమ్మలో రవ్వంత తేడా లేకపోయినా గుర్తు మారినందుకు గుమ్మం దగ్గరే ఆపేస్తారు. నా కెమెరా నుంచి నా డిస్కులోకి వెళ్ళే దారిలో హెచ్ఈవీసీ ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఇంకొకరికి పంపే ఫైలుకు మాత్రం దాన్ని వాడను.

ఏవీ1 విషయంలో నా మనసు ఇంత తేలిగ్గా తెగదు, ఎందుకంటే నాకు దాని మీద మమకారం ఉంది. 2015లో ఏర్పడిన అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా, రాయల్టీలు అడగమనే షరతుతో 2018లో దాన్ని విడుదల చేసింది. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా ఉండాలని నమ్మేవాడికి ఇంతకంటే ఏం కావాలి? వీడియోల్యాన్ వారి డేవిడ్ అనే డీకోడర్ పాత ప్రాసెసర్ల మీద కూడా ఆశ్చర్యం కలిగించేటంత వేగంగా నడుస్తుంది. తెర రికార్డింగుల కోసం ప్రత్యేకంగా చేర్చిన ఉపాయాలు కూడా ఏవీ1లో ఉన్నాయి. నా వీడియోను అందులోకి మార్చి చూసినప్పుడు ఫైలు ఎంత చిన్నదైందో చూసి, ఏదో ముక్క పోయిందేమోనని మొదటినుంచి చివరిదాకా ఆడించాను. కానీ దాన్ని విప్పే సర్క్యూటు ఇంటెల్, ఎన్‌విడియా చిప్‌లలోకి 2020 ప్రాంతంలో వచ్చింది, ఐఫోన్ 15 ప్రోలోకీ ఎం3 మ్యాక్‌లలోకీ 2023లో వచ్చింది. సఫారీ ఆ సర్క్యూటు ఉన్న పరికరంలో మాత్రమే ఏవీ1ను ఆడిస్తుంది, లేకపోతే నిరాకరిస్తుంది. మిగిలిన బ్రౌజర్లు నిరాకరించవు, ప్రాసెసర్ చేత ఆ పని చేయిస్తాయి. అప్పుడు ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, ఫ్యాను మోగుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. నేను ఫైలులో ఆదా చేసిన మెగాబైట్లకు వెల వాళ్ళ బ్యాటరీ చెల్లిస్తుంది. ఆ లెక్క నాకు సమ్మతం కాదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అందరూ ఇలా బలహీనమైన పరికరాన్ని చూసి ఆగిపోతే కొత్త కోడెక్ ఎప్పటికీ నిలదొక్కుకోదు, పేటెంట్ల గుత్తాధిపత్యం కొనసాగుతూనే ఉంటుంది అంటారు. ఈ వాదనను నేనూ ఒకప్పుడు ఆవేశంగా చేశాను. పైగా హెచ్.264 కూడా ముళ్ళు లేని గులాబీ ఏమీ కాదు. 2022లో ఫెడోరా లినక్స్ వారు పేటెంట్ల భయంతో హెచ్.264, హెచ్.265 హార్డ్‌వేర్ డీకోడింగును తమ పంపిణీలోంచి తీసేశారు. కావలసినవాళ్ళు దాన్ని వేరేచోటు నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఎక్కడైనా ఆడుతుందన్న కోడెక్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ దగ్గరే ఇబ్బంది పెట్టడం నాకు మింగుడుపడని విషయం. అయినా నా నిర్ణయం మారలేదు. కొత్త కోడెక్‌ను ముందుకు తోసే శక్తి, ఒకే వీడియోను నాలుగైదు రూపాల్లో దాచి, అడిగిన పరికరానికి తగిన రూపాన్ని అందించగల పెద్ద సేవలకు ఉంది. వాళ్ళు ఆ పని చేస్తూనే ఉన్నారు, చిప్‌ల తయారీదారులు వాళ్ళను చూసే సర్క్యూట్లు మారుస్తున్నారు. నేను మెయిలుకు జతచేసే ఒంటరి ఫైలుకు వెనుక వరుసలో ఎవరూ లేరు. అది ఆడకపోతే నా ఆదర్శానికి జరిగే ప్రచారం ఏమీ లేదు, పాఠం చూడలేకపోయిన మనిషి మాత్రం మిగులుతాడు. హెచ్.264 ప్రమాణం వచ్చి 20 ఏళ్ళు దాటింది కాబట్టి దాని తొలినాటి పేటెంట్లు ఒక్కొక్కటే గడువు తీరిపోతున్నాయి. పాత కోడెక్ ఎంపెగ్-2కు అమెరికాలో ఉన్న చివరి పేటెంటు 2018లో ముగిసినట్టే దీనికీ ఆ రోజు వస్తుంది.

నా సొంత వెబ్ పేజీలో మాత్రం నేను ఏవీ1నే ముందు పెడతాను, ఎందుకంటే అక్కడ వెనుక వరుస ఉంది. వీడియో ట్యాగులో మొదట ఏవీ1 మూలాన్నీ, దాని కింద హెచ్.264 మూలాన్నీ రాస్తే, బ్రౌజర్ పైనుంచి కిందికి చదువుకుంటూ తనకు చేతనైన మొదటిదాన్ని తీసుకుంటుంది. అయితే ప్రతి మూలానికీ కోడెక్ గుర్తును సరిగ్గా రాయాలి. గుర్తు రాయకుండా ఉత్త ఎంపీ4 అని వదిలేస్తే, బ్రౌజర్ తనకు ఎంపీ4 తెలుసు కదా అని మొదటిదాన్నే పట్టుకుని, కొంత దింపుకున్నాక గానీ లోపల ఉన్నది తనకు రానిదని తెలుసుకోదు.

సరే, అందరికీ ఆడేదే ఇద్దామని 8 బిట్ల 4:2:0కు దిగితే పోయేది ఏమిటో కూడా దాచకుండా చెప్పాలి. కెమెరాతో తీసిన దృశ్యంలో ఎవరూ తేడా పట్టలేరు. తెర రికార్డింగులో పట్టగలరు. నా టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, నల్లటి నేపథ్యం మీద దోష సందేశాలు ముదురు ఎరుపులో వస్తాయి. అక్షరపు గీత మందం ఒకటి రెండు పిక్సెళ్ళే ఉంటుంది, రంగు పొరలో మాత్రం నాలుగు పిక్సెళ్ళకు కలిపి ఒకే విలువ ఉంటుంది. కాబట్టి ఆ ఎరుపు పక్కనున్న నలుపులోకి కారి, నలుపు ఎరుపులోకి చేరి, అక్షరం తడిసిన కాగితం మీది సిరాలాగా అలుక్కుపోతుంది. శుద్ధమైన ఎరుపులో, నీలంలో వెలుగు విలువ తక్కువ కాబట్టి రూపాన్ని కాపాడే పని వెలుగు పొర వల్లా సరిగ్గా కాదు. తెల్లటి అక్షరాలకు ఈ బాధ లేదు, వాటి రూపమంతా వెలుగులోనే ఉంటుంది. నేను చేసిందేమిటంటే, రికార్డింగుకు ముందు టెర్మినల్ రంగుల్లో ఎరుపును లేత నారింజకు జరిపి, అక్షరాల పరిమాణాన్ని పెంచాను. చూసేవాళ్ళు ఫోనులో చూస్తారని గుర్తుంటే అక్షరాలు ఎలాగూ పెంచవలసిందే. 4:2:0కు వెడల్పూ ఎత్తూ సరిసంఖ్యల్లో ఉండాలి కాబట్టి, తెరలో ఒక కిటికీని మాత్రమే రికార్డు చేసినప్పుడు బేసిసంఖ్య వస్తే ఎన్‌కోడర్ మొరాయిస్తుంది. ఒక పిక్సెల్ వరుసను కత్తిరిస్తే ఆ గొడవ తీరుతుంది.

ఆడియో గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఓపస్ మంచి కోడెక్, నాకు ఇష్టం. పంపే ఎంపీ4లో మాత్రం ఏఏసీ-ఎల్‌సీ స్టీరియో.

పంపడానికి కోడెక్‌ను ఎంచడమూ, దాచుకోవడానికి ఎంచడమూ వేరువేరు పనులని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. దాచుకునే ప్రతిని బలహీనమైన ఫోను తెరవనవసరం లేదు; ఎన్నాళ్ళైనా దాన్ని చదవగల విధానం బహిరంగంగా రాసి ఉండటం, మూలం నుంచి ఏమీ పోకుండా ఉండటం దానికి ముఖ్యం. అందుకు నేను ఎఫ్ఎఫ్‌వీ1 అనే కోడెక్‌ను మట్రోస్కా (ఎంకేవీ) పెట్టెలో పెట్టి వాడుతున్నాను. ఏమీ పోగొట్టని ఈ కోడెక్ వివరణ 2021లో ఆర్ఎఫ్‌సీ 9043గా ప్రచురితమైంది. ఫైలు భారీగా ఉంటుంది, కానీ ఇవాళ పంపిన హెచ్.264 ప్రతి నుంచి రేపు ఇంకో కోడెక్‌కు మార్చవలసిన దుస్థితి రాదు. ఒకసారి కుదించినదాన్ని విప్పి మళ్ళీ కుదిస్తే మొదటిదాని మచ్చలను రెండోది వివరాలుగా భావించి శ్రద్ధగా కాపాడుతుంది. నా దగ్గర ఇండియోలో ఉన్న ఒక పాత ఏవీఐ ఫైలు ఇప్పటికీ తెరుచుకుంటోందంటే, దాన్ని తయారుచేసిన కంపెనీ చలవ ఏమీ లేదు. ఆ కోడెక్‌ను విప్పి చూసి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మళ్ళీ రాసిపెట్టిన వాళ్ళ ఓపిక అది.

పరీక్షించే పద్ధతిని కూడా మార్చుకున్నాను. అంతకుముందు ఏ ఫైలునైనా వీఎల్‌సీలో తెరిచి, ఆడితే సరిపోయిందనుకునేవాణ్ణి. వీఎల్‌సీ తన డీకోడర్లను తనతోనే మోసుకు తిరుగుతుంది, ఆపరేటింగ్ సిస్టంలో ఏముందో ఏం లేదో దానికి పట్టదు. కాబట్టి అది ఎంత మంచి ప్లేయరో పరీక్షకు అంత పనికిరానిది. ఇప్పుడు పంపే ముందు ఫైలును విండోస్ సొంత ప్లేయర్లో, క్విక్‌టైమ్‌లో, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోను గ్యాలరీలో తెరుస్తున్నాను. మొదట్లో ఆడటం చాలదు, మధ్యలోకి జరిపి చూస్తాను, చివరి నిమిషంలో మాటా బొమ్మా కలిసే ఉన్నాయో లేదో చూస్తాను. ఫోనుల్లో తీసిన వీడియోల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు కాబట్టి ఈ తేడా చివర్లోనే బయటపడుతుంది.

ఆ 11 నిమిషాల వీడియోను హై ప్రొఫైల్, లెవెల్ 4.0, 8 బిట్ల 4:2:0, సూచిక మొదట్లో, ఆడియో ఏఏసీ, ఇలా మళ్ళీ తయారుచేసి మర్నాడు ముగ్గురికీ పంపాను. ఈసారి మొదట జవాబిచ్చింది ఫోనులో చూసే ఆయనే. "బాగా కనిపిస్తోందండీ. కానీ నాలుగో నిమిషంలో మీరు చెప్పిన ఫోల్డరు పేరు ఒకటి, టైపు చేసింది ఇంకొకటి."